దొర పేరు చెప్పి పట్టిన కోళ్లు

పందొమ్మిది వందల యాభైల్లో ఉదయగిరి దగ్గర మా ఊళ్లో నాకు చిల్లరంగడి ఉండేది. ఏటా ఊరి శిస్తు లెక్కలు చూసే జమాబందీకి సబ్ కలెక్టరు దొర వస్తున్నాడని, ఆయన భోజనానికంటూ మునసబు ఇంటింటా కోళ్లు పట్టించాడు. రెండడిగితే నేను బేరమాడి ఒకటే ఇచ్చి, గెలిచానని మీసం తిప్పాను. గుడ్లమ్ముకుని బతికే మస్తానమ్మకున్న ఒక్క పెట్టనూ వదల్లేదు.

జమాబందీలో ఆమె లేచి నిలబడింది.

"దొరా, నా పెట్ట రుచిగా ఉండిందా?"

"కూచోవే!" అని మునసబు గదిమాడు.

దొర తెల్లబోయాడు. "నేను మాంసం తిననమ్మా!"

"అయితే మా కోళ్లు ఎవరింట్లో ఉండాయో ఈయన్నే అడగండి సామీ!"

దొర అక్కడికక్కడే విచారించి, మునసబు పెరట్లోంచి కోళ్లన్నీ తిరిగి ఇప్పించాడు, అతణ్ణి సస్పెండు చేశాడు.

బేరమాడటమే ధైర్యమనుకున్న నేను, మళ్లీ ఏనాడూ మస్తానమ్మ దగ్గర గుడ్లకు బేరమాడలేదు.