అజ్మత్ బీ బండికన్నా పెద్ద బండి

ఎల్లారెడ్డిలో మా వాడకు వచ్చి దుర్గవ్వ ఇల్లేదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కష్టజీవి, బీడీలు చుట్టి కూతురిని చదివించింది అని కూడా చెబుతారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, కొంచెం ఓర్వలేనిది అంటారు. కొంచెం అనడం వాళ్ల మర్యాద. ఎదురింట్లో ఉండేదాన్ని కాబట్టి నేను ఉన్నమాటే చెబుతాను. ఆమె ఓర్వలేనితనం వాడంతా పంచినా ఇంకా మిగులుతుంది. కానీ ఆమె దాన్ని ఎవరికీ పంచలేదు, మొత్తం ఒక్క అజ్మత్ బీకే దాచిపెట్టింది.

అజ్మత్ బీది పక్కిల్లు. ఇద్దరిదీ ఒకే ఈడు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఒకే అరుగు మీద కూర్చుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించేటప్పుడు దుర్గవ్వ కళ్లు తన కత్తెర మీద కంటే పక్క చాట మీదే ఎక్కువగా ఉంటాయి. అజ్మత్ బీ చెయ్యి చురుకు. కార్ఖానాలో ఆమె కట్టలు చూసి సేటు తల ఊపుతాడు, దుర్గవ్వవి మాత్రం విప్పి చూస్తాడు. ఆమె పొడగరి, ఈమె పొట్టి. అజ్మత్ బీ ఇంటి నుంచి ఖట్టా దాల్ వచ్చిన రోజు దుర్గవ్వ మొగుడు మారు అన్నం పెట్టించుకుంటాడు. ఆ రాత్రి ఆయనకు ఉత్త మజ్జిగే గతి.

ఇంత కుళ్లుకున్నా, ఒక్కరోజు కూడా ఆమె పక్కన కూర్చోకుండా ఉండలేదు. అదీ చెప్పాలి.

కాళ్లు ముడుచుకుని అన్నేళ్లు కూర్చుంటే మోకాళ్లు ఊరుకుంటాయా? ఒళ్లు కదిలించకపోతే మంచం పడతారని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు. అప్పటి నుంచి పొద్దు వాలాక చాటలు పక్కన పెట్టి నాగిరెడ్డిపేట రోడ్డు మీద నడవడం మొదలుపెట్టారు. నడకలో చెయ్యి చురుకుతో పని లేదు. ఇద్దరూ సమానంగా కుంటుతూ, ఊరందరినీ తిట్టుకుంటూ పోయేవాళ్లు. రోజు మొత్తంలో దుర్గవ్వ మనసు చల్లగా ఉండేది ఆ కాసేపే.

ఆ కాసేపు కూడా దక్కకుండా పోయింది. అజ్మత్ బీ కొడుకు ఇర్ఫాన్ దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ తల్లి మోకాళ్ల కోసం ఒక బండి తెచ్చాడు. ముందు ఒక చక్రం, వెనక రెండు. ఇంజను లేదు, పెడల్ లేదు, కూర్చోవడానికి సీటూ లేదు. వెనక చక్రాల దగ్గర రెండు పలకలుంటాయి. వాటి మీద చెరో కాలు పెట్టి నిలబడి, పిడి పట్టుకుని ఒళ్లు కుడికీ ఎడమకూ ఊపితే అదే ముందుకు పోతుంది. మా వాడలో దానికి ఊగుడు బండి అని పేరు పడిపోయింది.

అజ్మత్ బీ స్కూలు గ్రౌండులో నేర్చుకుని రోడ్డెక్కింది. "నీతోనే వస్త దుర్గా, మెల్లగ తోల్త," అని మాటిచ్చింది కూడా. కానీ ఊగడం ఆపితే ఆగిపోయే బండి అది. నడిచే మనిషితో మాట్లాడుతూ పోవడం దానికి చేతకాదు. ఆమె సర్రున ముందుకు పోయేది, తిరిగి వచ్చేది, మళ్లీ పోయేది. బస్సు కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి ఆమెను చూసేవాళ్లు. వెనక ఒంటరిగా కుంటుతూ వచ్చే దుర్గవ్వను చూసేవాళ్లు లేరు. చెప్పడానికి నోటినిండా మాటలున్నా వినే మనిషి లేదు. ఇక అజ్మత్ బీకి తన అవసరం తీరిపోయిందని దుర్గవ్వకు భయం పట్టుకుంది. భయమేసినప్పుడు భయమని ఒప్పుకునే మనిషి కాదు. కడుపు మండిందనుకుంది, ఫ్రిజ్ కోసం దాచిన డబ్బు తీసుకుని కామారెడ్డి బస్సెక్కింది.

అక్కడ జరిగింది ఆమె కూతురు వనజ చెప్పింది. వనజ కామారెడ్డిలోనే బట్టల దుకాణంలో పనిచేస్తుంది. వ్యాయామం సామాన్లు అమ్మే ప్రభుదాసు దుకాణానికి తల్లిని తీసుకుపోయింది. ఆయన ఓపికగా అడిగాడు.

"మీ తాన రోడ్డెట్లుంటదమ్మా? మోకాళ్ల నొప్పులున్నయా? ఎక్కి నిలబడు, పిడి నడుం కాడికి రావాలె."

"మా పక్కింటామెది నీలం బండి. గసొంటిదేది?" అంది దుర్గవ్వ.

"గిదే, నడిమిది. నీకు గిదే కుదురుతది. పలక కిందికుంటది, ఎక్కుడు దిగుడు సులువైతది."

"దానికన్న పెద్దది సూపియ్యి."

"పెద్దది పొడుగోళ్లదమ్మా. నీకు పిడి మెడ కాడికొస్తది."

"నా మెడ సంగతి నేను సూసుకుంట."

వనజ ఉండబట్టలేక, "అవ్వా, తోలెతందుకు కొంటున్నవా, సూపెట్టెతందుకు కొంటున్నవా?" అని అడిగింది. "నువ్వూకో బిడ్డా," అని దుర్గవ్వ పెద్ద చక్రాల ఎర్ర బండి మీద చెయ్యి వేసింది. తునికాకును రెండు వేళ్లతో నలిపి చూసి గానీ తీసుకోని మనిషి, ఈ బండిని ఎక్కి కూడా చూడలేదు.

మర్నాడు వాడంతా చూస్తుండగా పూజ. మా దగ్గర కొత్త బండి ఏదైనా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించందే రోడ్డెక్కదు. ట్రాక్టరుకైనా అంతే, లూనాకైనా అంతే. దుర్గవ్వ బండికి పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఏరి ఏరి తెచ్చిన పెద్ద నిమ్మకాయలు మూడు చక్రాల కిందా పెట్టింది. అజ్మత్ బీ కన్ను పడకూడదని ఈ జాగ్రత్తంతా. ఇన్నేళ్లుగా ఎవరి కన్ను ఎవరి మీద పడుతున్నదో వాడంతటికీ తెలుసు.

ఎక్కి నిలబడింది. పిడి నిజంగానే మెడ దాకా వచ్చింది. పళ్లు బిగించి ఊగింది. ఇంజను ఉన్న బండికైతే నిమ్మకాయ ఒక లెక్కా? ఇది ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు. ఇంకా గట్టిగా ఊగింది. ముందు చక్రం నిమ్మకాయ మీద జారి పక్కకు తిరిగింది, దుర్గవ్వ పూలదండతో సహా కిందపడింది.

అందరికంటే ముందు ఉరికింది అజ్మత్ బీయే. చంకల కింద చేతులేసి లేపి, అరుగు మీద కూర్చోబెట్టి, మడమ ఒత్తి చూసింది.

"ఇరగలే, బెణికింది. ఇంజను లేని బండి నిమ్మకాయలెట్ల తొక్కుతదే? ఆగు."

ఆ మూడు నిమ్మకాయలనూ తన చెప్పుకాలితో ఒక్కొక్కటిగా చితకతొక్కింది. "అయిపాయె. ఇగ ఎవ్వల నజర్ తాకది," అంది. పడిపోయిన బండిని లేపి నిలబెట్టేసరికి పిడి సరిగ్గా ఆమె నడుం దగ్గరికి వచ్చింది. ఆమె చేతులు పిడిని వదల్లేదు.

"ఒక్క సుట్టు ఏసొస్తనే?"

కాలు పట్టుకుని కూర్చున్న దుర్గవ్వ వద్దనేలోపే పలకల మీదికి ఎక్కేసింది. నీలం బండి మీద అజ్మత్ బీ ఎప్పుడూ కాస్త వంగి ఉండేది. ఎర్ర బండి మీద నిటారుగా నిలబడి, రెండు ఊపుల్లో మూల మలుపు దాటిపోయింది. తను కొన్న బండి, తను దండ వేసిన బండి, తనను జానెడు దూరం కూడా మోయని బండి ఇప్పుడు ఆమె కింద గాలిలా పోతున్నది. దుర్గవ్వకు ఏడుపొచ్చింది. కొడుకును ఇచ్చిన దేవుడు, పొడుగును ఇచ్చిన దేవుడు, చివరికి ఈ బండిని కూడా ఆమెకే ఇచ్చాడని అక్కడే, నాకు వినబడేట్టు, దేవుణ్ణి తిట్టింది.

అజ్మత్ బీ తిరిగొచ్చింది. దిగలేదు. పిడిని నిమురుతూ నిలబడింది.

"దుర్గా, అబద్ధమెందుకు. నాకు కుళ్లు పుడుతున్నదే. నా కొడుకు దుబాయ్ నుంచి తెచ్చిండని మురిసిన. గిసొంటిది తేకపాయె."

దుర్గవ్వ కాలు ఒత్తుకోవడం ఆపింది. "ఏమన్నవ్?"

"నీ బండిని సూస్తె నాకు కుళ్లయితున్నదన్న."

"మళ్లొకపారి అను."

అజ్మత్ బీ విసుక్కుంటూనే మళ్లీ అన్నది. దుర్గవ్వ మొహం అంత వెలిగిపోవడం వనజ పెళ్లిలో కూడా నేను చూడలేదు. కళ్లు తుడుచుకుని, ఉప్పు బదులిచ్చినంత తేలిగ్గా, "తీస్కపో. నీది నాకియ్యి," అంది.

పూజకని కామారెడ్డి నుంచి వచ్చిన వనజకు ఒళ్లు మండింది. "గంత కొట్లాడి తెచ్చుకుని ఇచ్చేస్తవా అవ్వా? మరెందుకు కొన్నవ్?"

"ఎందుకు కొన్ననో గా పని అయిపోయింది బిడ్డా."

మడమ తగ్గాక ఇద్దరూ నాగిరెడ్డిపేట రోడ్డెక్కారు. నీలం బండి మీద దుర్గవ్వ మెల్లగా ఊగుతున్నది, ఎర్ర బండి అప్పుడే చాలా ముందుకు పోయింది. "పైలంగ తోలు, గది నా బండి," అని వెనక నుంచి కేకేసింది. అజ్మత్ బీ బ్రేకు పట్టుకుని, ఆమె వచ్చేదాకా రోడ్డు పక్కన ఆగింది.