నేను పిక్టుల రాజునైన రోజు

మా ఆయన థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో పనిచేసే రోజుల్లో, కాలనీ వార్షికోత్సవానికి ఆడవాళ్లం ఏటా ఒక నాటకం వేసేవాళ్లం. ఆ ఏడు కథ వెతికే పని నామీద పడింది. క్లబ్బు లైబ్రరీలో అట్ట ఊడిన చరిత్ర పుస్తకం ఒకటి దొరికింది. నిలబడి చదువుతూ మధ్యాహ్నం భోజనం మాటే మరిచిపోయాను.

దాదాపు పదమూడు వందల ఏళ్ల కిందట స్కాట్లాండ్‌లో పిక్టులనే జనం ఉండేవారట. సింహాసనం కోసం నలుగురు కొట్టుకుంటుంటే, మిగిలినవాళ్లను అణిచి రాజైనవాడి కథ అది. పక్క రాజ్యం మీదికి వెళ్లి కోట పట్టుకున్నాడు. అక్కడి రాజు కొడుకులిద్దరినీ గొలుసులతో కట్టించాడు. తర్వాత ఒక యుద్ధంలో తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. అయినా చనిపోయేదాకా కిరీటం వదల్లేదు. దాదాపు ముప్ఫై ఏళ్లు ఏలాడు!

సాయంత్రం ఇదంతా చెబుతుంటే, పక్క క్వార్టర్‌లో ఉండే, మట్మారి ఊరి నుంచి వచ్చిన ఆమె రొట్టెల పిండి కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"తమ్ముడు సచ్చిపోయినంక రాజు ఏం జేసిండక్కా?"

"పుస్తకంలో రాయలేదమ్మా."

"గట్లెట్ల? ఏడ్సకుండ ఉంటడా? ఈ నాటకమే ఆడుదం. తమ్ముని వేషం నాకియ్యి."

నేను రాజుని. పిక్టులు ఒంటిమీద బొమ్మలు వేసుకునేవారని చదివి, బట్టల నీలిమందుతో ముఖాలకు గీతలు గీసుకున్నాం. మా అత్తగారు చూసి, "ఖర్మ! ఇదేం అవతారమే!" అని నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయారు.

తమ్ముడికి చావు సీనులో మాటల్లేవు. నాటకం రోజు ఆమె కిందపడి, ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నా కోసం ఆగకు. పో, కోట నిలబెట్టు."

నేను చెప్పాల్సిన మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆమె తల ఒళ్లో పెట్టుకుని నిజంగానే ఏడ్చాను. అంతలో హాలు వెనక నిలబడ్డ వర్కర్లు ఈలలు వేశారు. ఎక్కడిదో శక్తి వచ్చింది. లేచి, కత్తెత్తి, చివరి ప్రసంగం గొంతు చించుకుని అరిచాను.

తెర వెనక ఆమెను వాటేసుకుని అడిగాను: "ఆ మాట ఎక్కడిదే?"

"పుస్తకంల లేకుంటే ఊకుంటనా? రాజును నేనే ఏడ్పించిన!"

ఫస్ట్ ప్రైజ్ మాదే. మరుసటి ఆదివారం బంగారు గనుల కాలనీ వాళ్లు తమ దగ్గర కూడా ఆ నాటకం ఆడమని మా కోసం జీపు పంపారు. ఎనిమిదిమంది ఆడవాళ్లం దాంట్లో ఇరుక్కుని, యుద్ధపు కేకలు పెట్టుకుంటూ లింగసూగూరు రోడ్డు పట్టాం.