జ్వరంలో పడిన వేలిముద్ర

నాచారంలో ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. అంతవరకూ ఎవరూ కన్నెత్తి చూడని మా మేనత్త మెట్ట చెలకకు ఉన్నట్టుండి చుట్టాలు పుట్టుకొచ్చారు. అందరికంటే ప్రేమ ఎక్కువైంది ఆమె మరిదికి. మామయ్య పోయాక గడప తొక్కని మనిషి, అత్త టైఫాయిడ్‌తో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. నాకప్పుడే ఒళ్లు మండింది.

మర్నాడు అమ్మ అత్తకు జావ తాగిస్తూ ఆగిపోయింది. అత్త బొటనవేలి గోటి సందున నల్లటి సిరా! వేలు తుడిచారు గానీ గోరు మరిచారు. మా వైపు వేలిముద్ర వేసినవాళ్లు మిగిలిన సిరాను తలకు రాసేసుకుంటారు. అత్త నెరిసిన తలంతా వెతికాను, ఎక్కడా మరక లేదు. ఆమె వేలితో ఎవరో వేసుకుపోయారు.

ఆ చెలక తప్ప అత్తకు వేరే బతుకుతెరువు లేదు. తాళంచెవి పోతే తాళం మార్చుకుంటాం, వేలినెట్లా మారుస్తాం?

అత్త కోలుకుని లేచి తిరుగుతుండగా మరిది రిక్షా తెచ్చాడు.

"వదినె, చెలకల మోటరుకు కరెంటు రావాల్నంటే రిజిస్ట్రీ ఆఫీసుల జర నిలవడాలె. సారు ఏమడిగినా ఆఁ అను, సాలు."

అమ్మా నేనూ కూడా ఎక్కాం. వాడు సైకిల్ మీద ముందు పోతుంటే, అమ్మ దారి పొడుగునా అత్త చెవిలో నూరిపోసింది. "ఆ ఏలు నాది కాదను వదినె."

ఆఫీసరు కాగితం అత్త వైపు తిప్పాడు. "అమ్మా, భూమి అమ్ముతున్నట్టు రాసి ఉంది. ఈ వేలిముద్ర మీదేనా?"

"నాదే సారూ."

మరిది ముఖం చాటంతైంది. అమ్మ నా చెయ్యి నలిపేసింది.

"ఏలు నాదే. జెరమొచ్చి సోయి లేకుండ పడుంటె ఈ మరిది ఒత్తుకపోయిండు. నన్ను అడగలే, నేను ఇయ్యలే. నా భూమి నేనమ్మ."

ఆఫీసరు కలానికి మూత పెట్టాడు. ఆమె ఒప్పుకోనిదే రిజిస్టరు చేసేది లేదని కాగితాన్ని మరిది ముందుకు తోసేశాడు. తేలు కుట్టిన దొంగలా వాడు సైకిలెక్కాడు.

బయటికొచ్చాక అమ్మ ఏడుస్తూనే నవ్వింది. "కాదను అంటే నాదంటివేంది వదినె? నా పానం పోయింది!"

"కాదంటె మల్లొకసారి ఒత్తి సూపుమంటరు," అంది అత్త. "అప్పుడు నా ఏలే నన్ను అబద్ధాలదాన్ని జేస్తుండె."