కొసరుగా వచ్చిన యాసిడ్ సీసా

ఆత్మకూరు బజారులో రెండు బ్లీచింగ్ పౌడర్ పాకెట్లు కొని, కొసరుగా యాసిడ్ సీసా రాబట్టడం అందరివల్లా అయ్యే పని కాదు. నేను రాబట్టాను. రాబట్టి ఊరుకోలేదు, రెండింటినీ ఒకే బక్కెట్లో కలిపాను.

ఉదయగిరిలో మా ఇంటి బాత్‌రూమ్ గోడలకు నల్లగా బూజు పట్టింది. అవ్వకు ఆయాసం. లోపలికి వెళ్లిన ప్రతిసారీ దగ్గుతూ బయటికొచ్చేది. చివరికి పెరట్లో పాత చీర అడ్డం కట్టుకుని నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టింది. వానలు ముసురుకునేలోగా ఆమెను మళ్లీ నాలుగు గోడల మధ్యకు తేవాలని నా పంతం.

"రెండు పాకెట్లకు కొసరేందన్నా? నాకు మిగిలేదే రూపాయి" అన్నాడు అంగడాయన.

"మా నాయనది కూడా అంగడే. ఆ రూపాయి కథ పుట్టినకాడి నుంచి వింటా ఉండా."

నవ్వి, దుమ్ము పట్టిన సీసా ఒకటి తీసిచ్చాడు. "రెండూ కలపబాకన్నా, పొగ లేస్తాది."

ఆ మాట విని నేనూ లోపల నవ్వుకున్నాను. మా అంగట్లో కూడా ఏ సరుకుకు ఆ సరుకు విడిగా వాడమనే చెప్తాం. అలా వాడితే తొందరగా అయిపోయి మళ్లీ మా దగ్గరికే వస్తారు. ఇలాంటి మాటలకు నేను పడతానా?

ఇంటికొచ్చి కలిపాను. ఘాటు గొంతు పట్టేసింది. కళ్లు మండిపోతుంటే బయటికి పరుగెత్తి, వరండాలో కూర్చున్న అవ్వను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయాను. ఎదురింటి అరుగు మీద కూర్చుని నేనే ఆగకుండా దగ్గుతున్నాను.

"ఆయాసం నాదిగదరా" అంది అవ్వ నా వీపు రాస్తూ. "అంగడాయన నీకు అది గూడా కొసరిచ్చినాడా?"

నాయన అంగడి వదిలేసి వచ్చి, ముందు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఘాటు పూర్తిగా పోయేదాకా ఇంట్లోకి ఎవరినీ పోనివ్వలేదు.

మర్నాడు బాత్‌రూమ్‌లో నిలబడి తలెత్తి చూసి, "బూజు పట్టక ఏం జేస్తాదిరా, గాలాడే దారే మూసిపెట్టినాం గదా" అన్నాడు. కొండ మీది కోతులు సబ్బులు ఎత్తుకుపోతున్నాయని వెంటిలేటర్‌కు నూనె డబ్బా రేకు కొట్టింది ఆయనే. రేకు పీకి ఇనుప జాలీ బిగించాడు. కారే కొళాయి మార్చాడు. అవ్వను పక్కింటికి పంపి, తలుపులు బార్లా తీసి, గ్లౌజులు, మాస్కు వేసుకుని నేను పనిలోకి దిగాను. పొడి బూజు రుద్దితే గాల్లోకి లేస్తుందని గోడను ముందు సబ్బు నీళ్లతో తడిపి, తోమి, కడిగాను. ఆ తర్వాత నీళ్లలో పలచగా కలిపిన బ్లీచింగ్, అదొక్కటే. మళ్లీ కడిగి గుడ్డతో పొడిగా తుడిచాను.

సగం యాసిడ్ మిగిలిన సీసాను ఆత్మకూరు పోయి తిరిగిస్తే అంగడాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొసరు వాపసు తెచ్చినోణ్ణి నిన్నే చూస్తా ఉండానన్నా."

ముసురు పట్టిన రోజు అవ్వ బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. నేను తలుపు బయట చెవి ఒగ్గి నిలబడ్డాను. నీళ్ల చప్పుడే తప్ప దగ్గు లేదు.

"మొత్తం ఎంతయిందిరా?" లోపలి నుంచే అడిగింది.

ఏది కొన్నా అవ్వకు సగం ధరే చెప్పి గొప్పలు పోవడం నా అలవాటు. ఈసారి అసలు లెక్క చెప్పాను. జాలీ, కొళాయి, మిగతా సామాను అన్నీ కలిపి వెయ్యిన్నీ ఇరవై. కొసరు వాపసు ఇవ్వడానికి బస్సు ఛార్జీ, రానూ పోనూ నూట ఇరవై. డాక్టరు ఫీజు మూడొందలు. ఆయన తిట్టిన తిట్లు కొసరు.