బెరిల్ పెరట్లో వెండిచాప

మా పక్కింటి బెరిల్ టెయిట్ బతుకంతా గొర్రెల బొచ్చు తీసే కొట్టాల్లో వంట చేసిన మనిషి. ఆమె ఆప్రాన్ జేబులో ఎప్పుడూ ఒక పాత వెన్నకత్తి ఉండేది. ఎందుకని అడిగితే "స్కోన్లకి" అనేది. వెన్న రాసుకు తినే ఆ బన్నురొట్టెలు మేమెప్పుడూ తిని ఎరగం.

మా ఆయన ఫెర్గస్ రాళ్లతోటలో వెండిచాప పెంచాడు. మా నేస్‌బీ కొండల మీది మొక్కే. రాతిని కరుచుకుని వెండిరంగు చాపలా పరుచుకుంటుంది. బెరిల్ ఏటా ఒక ముక్క అడిగేది, ఈయన ఏటా "చూద్దాంలే" అనేవాడు. ఆయన పోయాక, ఆయన చేత్తో పెంచింది నాకు మిగిలింది అదొక్కటే.

చలికాలం మొదట్లో ఒక పొద్దున చూస్తే చాప అంచున అరచేతంత ఖాళీ. కంచె అవతల బెరిల్ దుప్పట్లు ఆరేస్తోంది, చినుకుల్లో.

"వానలో దుప్పట్లా, బెరిల్?"

"గాలుంది కదా."

"నా చాప ఎవరో కోశారు."

"నల్లపిట్టలయ్యుంటాయి. పురుగుల కోసం పీకుతాయి."

"పిట్ట ఇంత నున్నగా కోస్తుందా?"

ఆమె క్లిప్పు పళ్ల మధ్య పెట్టుకుంది. నోట్లో క్లిప్పుంటే జవాబు చెప్పక్కర్లేదు. ఫెర్గస్‌ని సాగనంపిన రోజు కూడా, అందరూ నా మొహం చూస్తుంటే ఈమె కిటికీలోంచి రాళ్లతోట వైపు చూడటం అప్పుడు గుర్తొచ్చింది. పక్క గేటుకి తాళం వేశాను.

మా వైపు జూన్ అంటే నడి చలికాలం; ఆ ఏడు మంచు కురవాల్సిన ఆ నెలలో ఎడతెగని వాన పట్టుకుంది. చాప నడిమి నుంచి నల్లబడి, తడిసిన ఉన్నిలా చేతికి ఊడి వచ్చేసింది.

తిన్నగా బెరిల్ పెరట్లోకి నడిచాను. రాతితొట్టిలో, ఇటుకల మీద ఆనించిన గాజుపలక కింద, నిక్షేపంగా ఉంది వెండిచాప.

"పిట్టలు బాగానే పెంచాయే!"

బెరిల్ మొహం ఎర్రబడింది. "ఏళ్ల తరబడి అడిగాను ఊనా, ఇచ్చాడా? ఆయన పోయాక ఏడుస్తున్నదాన్ని నిన్నెలా అడగను?"

"ఏడుస్తున్నదాని పెరట్లో కోయొచ్చా?"

"నేను కోయకపోతే ఈరోజు నువ్వు దేన్ని చూసి తిట్టేదానివి?"

ముందే సిద్ధం చేసుకున్న జవాబులా ఉంది. అయినా తొట్టి దగ్గరికి వెళ్లాను. మోకాళ్ల మీద కూర్చుని, వేళ్లూనిన కొస చూసి గోళ్లతో విడదీశాను.

"సగమే," అంది నెత్తిన నిలబడి.

"సగమేలే."

కాస్త ఎక్కువే తీశాను. చూసింది. లోపలికెళ్లి ఇంకో గాజుపలక తెచ్చింది. "ఇది పైన కప్పెయ్. లేకపోతే ఇదీ కుళ్లిపోతుంది."

పగుళ్లున్నాయేమోనని వెలుతురుకి పట్టి, రెండు వైపులా తిప్పి చూసి తీసుకున్నాను.