పాల బండిని ఆరంగుళాలు దించిన సంగతి

అరవైతొమ్మిది ఉద్యమంలో కాలేజీలు మూతపడినప్పుడు నా చదువు ఆగింది. చాలా ఏళ్లు అందరికీ అలాగే చెప్పుకున్నాను. నిజానికి కాలేజీలు మళ్లీ తెరిచారు. నేనే పోలేదు. అప్పటికే మానుకోటలో ఒక మెకానిక్ షెడ్డులో బండ్ల కింద వెల్లకిలా పడుకుని పైకి చూడటం అలవాటైంది. ఈ ముక్క ఇక్కడే ఎందుకు పెట్టారు, ఇంకోచోట పెడితే ఏమవుతుంది అని ఆలోచిస్తుంటే పొద్దు తెలిసేది కాదు.

డెబ్బైల చివర జనగామలో మా బావ దగ్గర చేరాను. ఆయనకు మిలిటరీ వేలంలో కొన్న పాత పికప్ ఉండేది. దేవరుప్పుల వైపు ఊళ్లు తిరిగి రెండు పూటలా పాల క్యాన్లు ఎక్కించుకుని జనగామలో పాలకేంద్రానికి చేర్చడం ఆయన పని. బండి వెనకభాగం నా ఛాతీ ఎత్తున ఉండేది. నిండు క్యాను పైకెత్తేటప్పుడు బావకు నడుము పట్టేసేది. సాయంత్రం అక్క వేడినీళ్ల కాపడం పెడితే గానీ లేచేవాడు కాదు.

ఒకసారి ఏదో పని మీద భూపాలపల్లి వెళ్తే, రోడ్డు పక్కన టేకు దుంగలు మోసే ట్రైలర్ ఒకటి చెడిపోయి నిలబడి ఉంది. అలవాటుగా దాని కిందికి వంగి చూశాను. మన బండ్లలో బరువు మోసే కమాను పట్టీల కట్ట ఇరుసు మీద కూర్చుంటుంది. ఆ ట్రైలర్‌కు ఇరుసు పైన ఉంది, పట్టీలు దాని కింద వేలాడుతున్నాయి. అందుకే అది అంత నేలబారుగా ఉంది, దుంగలు తేలిగ్గా దొర్లించవచ్చు. అక్కడే మట్టిలో పుల్లతో బొమ్మ గీసుకున్నాను. మా పికప్‌కు అలాగే తిరగేస్తే, లెక్క ప్రకారం ఆరంగుళాలు దిగుతుంది.

మానుకోట వెళ్లి, షెడ్డులో నాకు పని నేర్పిన ఉస్తాద్‌ను అడిగాను.

"అరే, లోకమంత ఇంకో పట్టీ ఎక్కించి బండి లేపుమంటది. నువ్వు దించుతనంటవేందిరా? జర సోంచాయించు," అన్నాడు ఆయన. "ఇరుసు ఎగిరితే ఏడికి పోతది? పైనున్న ఛాసీకి తగలదా?"

మంచి ప్రశ్న. నేను దానికి జవాబు వెతకలేదు. బావ నడుము కోసమే ఈ పని అని నాకు నేను చెప్పుకున్నాను. దించితే ఎలా ఉంటుందో చూడాలన్న ఆశ అంతకంటే పెద్దది.

పని మా ఇంటి వెనక రెండు రోజులు పట్టింది. వెనకభాగాన్ని దుంగల మీద నిలబెట్టి, పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పి, కట్టలను ఇరుసు కిందికి తెచ్చాను. అవి ఆనడానికి ఇనుప పలకలు వెల్డింగ్ చేయించాను. బండి ఎగిరినప్పుడు ఇరుసును ఆపే రబ్బరు దిమ్మెలు ఇప్పుడు అడ్డం వస్తున్నాయని వాటిని సగానికి కోసేశాను. దుంగలు తీయగానే బండి మెల్లగా కిందికి దిగి ఆగింది.

"ఏందిరా బామ్మర్ది, బండికి కూసునుడు నేర్పినవా?" అని నవ్వాడు బావ. క్యాను ఎత్తి పెట్టి చూశాడు. నడుము ఎత్తు దాకా లేపితే చాలు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు, పిల్లవాడిలా. అక్కను కూడా ఎక్కించుకుని ముగ్గురం వెనక నిలబడి గెంతి చూశాం, ఏమీ తగల్లేదు. ఆ వారంలో ఇద్దరు బండ్లవాళ్లు వచ్చి కింద పడుకుని చూసి పోయారు. ఒకాయన నన్ను ఇంజనీరు అన్నాడు. ఆ మాట నాకు బాగా ఎక్కింది.

తర్వాత వారం నుంచి పాలకేంద్రంలో మొదటి ఊరి పాలకు వెన్నశాతం తగ్గిందని చీటీలు రాసాగాయి. ఆ ఊరు అన్నిటికంటే దూరం, అక్కడి నుంచి తారురోడ్డు ఎక్కేదాకా గుంతల బాట. మేత మారిందేమో అనుకున్నారు. మూడోసారీ తగ్గేసరికి బావను చూసే చూపు మారింది. ఆ పాలు తెచ్చేది ఆయన బండి ఒక్కటే.

నిండు బరువుతో గుంతలో పడ్డప్పుడల్లా వెనక నుంచి 'ధన్'మని మోత వచ్చేది. నాకు ఉస్తాద్ మాట గుర్తొచ్చింది. బంకమట్టి ముద్దలు చేసి ఇరుసుకు పైన, ఛాసీ అడుగున అంటించాను. ఒక పూట తిరిగి వచ్చాక పాకి చూశాను. మట్టి కాగితమంత పలచగా అయిపోయింది. ఇనుము ఇనుముకు కొట్టుకుంటోంది. ఆ దెబ్బ నేరుగా క్యాన్లకు పోతోంది. ఎండకు వెచ్చబడిన గేదె పాలను దారి పొడవునా అలా కుదిపితే ఏమవుతుందో ఇంట్లో కవ్వం తిప్పే ఎవరికైనా తెలుసు. వెన్న పేరుకుని మూత కింద చేరుతుంది, అడుగు నుంచి ముంచి తీసిన నమూనాలో ఉండదు.

నాకు అర్థమైంది. చెప్పలేదు. రేపు చెబుదాం, ఆదివారం విప్పుదాం అనుకుంటూ ఎనిమిది రోజులు గడిపాను. అంతమంది మెచ్చుకున్న పనిని నా చేతులతో విప్పడం నా వల్ల కాలేదు.

తొమ్మిదో రోజు పొద్దున ఆ మొదటి ఊళ్లో, పాలు పోసే అరుగు దగ్గర ఊరంతా కూర్చుంది. ఎక్కువ గేదెలున్న పెద్ద రైతు నేరుగా అడిగాడు: "దారిల ఆపి మీగడ తీస్తున్నవా, నీళ్లు కలుపుతున్నవా? ఒక్కటి చెప్పు. లేకుంటే రేపటి సంది వేరే బండి మాట్లాడుకుంటం."

"నా పిల్లల మీద ఒట్టన్నా. మూత సుత ముట్టలే," అన్నాడు బావ. ఆయన గొంతు అంత చిన్నగా వినడం అదే మొదలు.

అప్పుడు ఒక ముసలవ్వ తన క్యాను మూత పట్టుకుని ముందుకొచ్చింది. కేంద్రంలో సరిగా కడగలేదేమో, మూత అంచులోంచి గోటితో తెల్లటి ముద్ద గీకి నాలుక మీద పెట్టుకుంది.

"గిది వెన్ననే. నా నాలికకు తెల్వదా? ఏందిరా, బండిల కవ్వం పెట్టుకున్నవా?"

అందరూ గొల్లుమన్నారు. బావ నవ్వలేదు. నా వైపు చూశాడు. బండి కింద ఏం జరుగుతోందో తెలిసింది నాకొక్కడికే.

"కవ్వం పెట్టింది నేనే అవ్వా," అన్నాను.

బండి దించిన సంగతి, ఇరుసు ఛాసీకి తగిలే సంగతి చెప్పాను. పెద్ద రైతు నమ్మలేదు. ఊరి క్యాన్లన్నీ ఎక్కించి, తానే పక్కన కూర్చుని, బండిని తారురోడ్డు దాకా నడిపి వెనక్కి తెమ్మన్నాడు. తిరిగొచ్చి మూత తీస్తే పైన ఆవగింజలంత వెన్న పలుకులు తేలుతున్నాయి. నలుగురు బండి కింద దూరి ఛాసీ మీద నున్నగా అరిగిన చోటు చూసి వచ్చారు. బావ దొంగ కాడని తేలింది.

తిరుగుదారిలో, తారురోడ్డు ఎక్కాక బావ అడిగాడు.

"ఎన్నటి సంది తెల్సు నీకు?"

"ఎనిమిది దినాలాయె."

"ఎనిమిది దినాలు నా పక్కనే కూసున్నవ్ గదరా," అన్నాడు. అంతే.

ఆ మధ్యాహ్నమే అంతా విప్పి, పట్టీలను మళ్లీ ఇరుసు మీదికి ఎక్కించాను. పానాలు అందించింది బావే. తర్వాత రోజు నుంచి క్యాన్లు నేను ఎత్తాను, ఆయనను ముట్టనివ్వలేదు. చీటీల్లో వెన్నశాతం మామూలైంది. అవ్వ మేము కనిపించినప్పుడల్లా ఆటపట్టించేది. పెద్ద రైతు మాత్రం ఆ రోజు నుంచి ఒక అలవాటు పెట్టుకున్నాడు. క్యాను ఎక్కించేముందు ఒక సీసాలో పాలు పట్టి, బిరడా బిగించి, చీటీలో తేడా వస్తే సరిచూసుకోవడానికని బావ కళ్ల ముందే తన దగ్గర పెట్టుకునేవాడు. అది అయ్యేదాకా బావ చేతులు కట్టుకుని నిలబడేవాడు.

ఒకనాడు ఉండబట్టలేక, "నేను ఆయనకు చెప్త బావా, ఇగ సీసా చాలని," అన్నాను.

"ఉండనీ. నమ్మకం కుదిరిననాడు ఆయననే మానేస్తడు," అన్నాడు బావ.

ఎనభైల్లో ఆ బండిని పాత ఇనుముకు అమ్మేదాకా ఆ రైతు సీసా మానలేదు.