కత్తెర పెట్టని చీర

చిన్నప్పుడు భిలాయిలో, మా సెక్టర్ 6 క్వార్టర్లో, "లైనరు" అనే ఒక్క మాట మీద ఓ ఆదివారం పొద్దంతా చర్చ జరిగింది...

నేనప్పుడు ఎనిమిదో క్లాసు. స్కూల్లో గైడ్స్‌లో చేరాను. డిసెంబరు సెలవుల్లో ఉతై అనే ఊరి అవతల క్యాంపు... డేరాల్లో పడుకోవాలి. స్లీపింగ్ బ్యాగులు స్కూలువాళ్ళే ఇస్తారు, లోపల వేసుకునే లైనరు మాత్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలన్నారు మేడమ్. అది ఉంటే చలి తక్కువట. పైగా పదిమంది పడుకున్న బ్యాగు మన ఒంటికి తగలదట.

నాన్నకి స్టీలు ప్లాంటులో పని. ఆయనకు తెలిసిన లైనరు ఒక్కటే... ఇనుప ముడిరాయి జారే తొట్టెల్లో లోపలివైపు బిగించే ఇనుప పలక.

"పలకేసుకొని పడుకుంటావేటే? పొద్దున్న నిన్ను లేపడానికి క్రేను తేవాల," అని ఒకటే నవ్వు.

అమ్మ మాత్రం సంగతి ఇట్టే పట్టేసింది. "దిండుకి గలేబు ఏసినట్టు మనిషికి గలేబు. అంతే కదేటి," అంది.

ట్రంకుపెట్టెలోంచి నీలం నూలు చీర తీసింది. ఉతికి ఉతికి మెత్తబడిపోయి, గంజి పెట్టడం కూడా మానేసిన చీర. దాన్ని సగానికి మడిచి, రెండు పక్కలా పెద్ద పెద్ద కుట్లు వేసింది. పొడుగు ఎక్కువైంది, కొయ్యమన్నాను. ససేమిరా అంది.

"కత్తెరెట్టీసినాక అదింక చీరేటి, గుడ్డ. నీ కేంపయ్యాక కుట్లిప్పేత్తే మళ్ళీ చీరే. నాను కట్టుకోనేటి? మిగిలిన కొంగు మడిచి తల కింద ఎట్టుకో."

క్యాంపులో నా డేరా నేస్తం పొట్ట పట్టుకుని నవ్వింది. "అరే, యే తో ఆంటీ కీ సాడీ హై!" నవ్వితే నవ్వింది... చలి మొదలయ్యాక తన పల్చటి దుప్పటి చాలక, మెల్లిగా నా కొంగు లాక్కుని మెడకు చుట్టుకుంది.

నేలలోంచి చలి పుట్టుకొస్తున్నా ఆ నూలు పొర ఒంటిని అంటిపెట్టుకుని వెచ్చగా ఉండేది. పైన సబ్బు వాసన, దాని వెనక అమ్మ వాసన... ఇంటి మీద బెంగ పెట్టుకుంటానని అందరూ అన్నారు. అమ్మలో దూరి పడుకున్నదాన్ని, నాకెందుకు బెంగ!

ఇంటికొచ్చాక అమ్మ కుట్లు విప్పబోతే నేను ఇవ్వలేదు. వచ్చే ఏడు కూడా క్యాంపు ఉందిగా అన్నాను.

"సరేలే, నీకాడే ఉంచు," అంది.

ఆ చలికాలమంతా రజాయి కింద అందులోనే దూరి పడుకున్నాను.

ఎండలు ముదరకముందే అమ్మకి కామెర్లు వచ్చాయి. హాస్పిటల్లో చేర్చారు... మళ్ళీ ఇంటికి రాలేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

శ్రీకాకుళం నుంచి నాన్నమ్మ వచ్చింది. కర్మలన్నీ ముగిసే రోజున పోయిన మనిషి బట్టలు చాకలికి ఇచ్చేయాలి. మావాళ్ళ ఆచారం అది. భిలాయిలో మాకు చాకలి ఎక్కడ? వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ధోబీనే చాకలి అనుకోవాలి. నాన్నమ్మ అమ్మ చీరలన్నీ మూటగట్టింది. ఆఖరికి నా మంచం దగ్గరికి వచ్చింది.

"అది చీర కాదు నాన్నమ్మా, లైనరు," అన్నాను, రెండు చేతులా పట్టుకుని.

"లైనరేటి? మీ యమ్మకి నానెట్టిన చీరే ఇది. నాకు తెల్దేటి?"

నాకప్పట్లో తెలుగు అంతంతమాత్రం. చదువు హిందీ, ఆటలు హిందీ, దెబ్బలాట కూడా హిందీయే. "యే మేరా హై! మమ్మీనే ముఝే దియా హై!" అని, ఇది నాది, అమ్మ నాకిచ్చిందని హిందీలోనే అరిచాను. నాన్నమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

గుమ్మంలోంచి నాన్న, "ఉండనీ అమ్మా, అది దాందే," అన్నారు. ఆ గొంతు ఆయనకైనా వినపడిందో లేదో.

నాన్నమ్మ చెడ్డది కాదు. కోడలి కోసం తనూ ఏడుస్తూనే ఉంది. "ఉంచుకోకూడదమ్మా. దాని బట్ట ఇంట్లో ఉండిపోతే అది ఎళ్ళలేదు. ఈ ఇంటిసుట్టూరే తిరుగుద్ది."

తిరగనీ! నాక్కావలసిందీ అదే కదా... మనసులో అనుకున్నాను.

నాన్నమ్మ బ్లేడుతో కుట్లు తెంపింది. ఒక పక్క, తర్వాత రెండో పక్క. దులిపితే పూర్తి చీర పరుచుకుంది... కొంగూ, అంచూ, అన్నీ. ఎక్కడా చిన్న చిరుగు కూడా లేదు.

"సూసినావా, చీరే కదేటి," అంది మెల్లిగా.

అమ్మ ఆ రోజు కత్తెర పెట్టి ఉంటే అది గుడ్డ అయిపోయేది. ఎవరికీ అక్కర్లేకుండా పోయేది. నాకు మిగిలిపోయేది. అమ్మ పొదుపే నా కొంప ముంచింది.

ఆ తర్వాత ఒకరోజు ధోబీ భార్య ఆ చీర కట్టుకునే మా ఇంటికి ఇస్త్రీ బట్టలు తెచ్చింది. అంచు పొడుగునా సూది రంధ్రాలు ఇంకా కనిపిస్తున్నాయి. పాపం, ఆవిడకేం తెలుసు! "గిన్ లే బేటీ," అంది. బట్టలు అందుకుని, లెక్క చూడకుండానే తలుపు వేసేసుకున్నాను.

ఇప్పుడు లైనర్లు గుప్పెట్లో పట్టేంత మడతల్లో దొరుకుతున్నాయి. మొన్న మా అమ్మాయి ట్రెక్కింగుకి వెళ్తుంటే ఒకటి కొన్నాను. పట్టులా జారిపోతోంది. వెచ్చగానే ఉంటుందట... మొహం దగ్గర పెట్టుకుని చూశాను. కొత్త కవరు వాసన తప్ప ఏమీ లేదు.

మీలో ఎవరైనా పోయినవాళ్ళ బట్ట ఒక్కటైనా దాచుకోగలిగారా? అయితే పెద్దవాళ్ళకు ఏం చెప్పి ఒప్పించారో రాయండి. ఇప్పుడు నాన్నమ్మ లేదు, నాన్నా లేరు... ఒప్పించడానికి నాకు ఎవరూ మిగల్లేదు. అయినా తెలుసుకోవాలని ఉంది.